కాగితం కదలాలంటే

హాస్టల్ పిల్లలకు కాగితం రాయడం కొత్త కాదు. ఇంటికి పోవడానికి వార్డెన్ గారికి లీవు లెటరు, స్టడీ సర్టిఫికెట్ కోసం హెడ్మాస్టరు గారికి, ఆదాయ ధ్రువపత్రం కోసం తహసీల్దారు గారికి, ఖాతా తెరవడానికి బ్యాంకు మేనేజరు గారికి... ఇంటర్ దాటేసరికి ఒక్కొక్కరం పదీ పదిహేను అర్జీలైనా రాసి ఉంటాం. అయినా అర్జీ ఎలా రాయాలో మనకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. పరీక్షలో లేఖారచన అని ఒక ప్రశ్న వస్తుంది. గైడులో ఉన్న లేఖ బట్టీపట్టి, తేదీ, చిరునామా ఉండాల్సిన చోట ఉంచితే మార్కులు పడతాయి. ఆ లేఖ ఎవరికీ చేరదు, దానివల్ల ఏ పనీ జరగదు. బయట రాసే కాగితానికి మార్కులు వేసేవాళ్లు లేరు. పని అయిందా లేదా, అదొక్కటే లెక్క.

మన తాతలు, కొందరికి తండ్రులు కూడా, అర్జీ కావాలంటే ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చుని రాసేవాళ్ల దగ్గరికి పోయేవారు. ఆయన ఏం రాశాడో వీళ్లకు తెలియదు. వేలిముద్ర వేసి, రాసినందుకు డబ్బులిచ్చి వచ్చేవారు. అలాంటి ఇళ్ల నుంచి వచ్చిన మనం హాస్టల్లో చేరిన ఏడాదికే మన వాడలో చదువుకున్నవాళ్లమైపోతాం. సెలవులకు ఊరికి పోతే పింఛను ఆగిపోయిన అవ్వ, పాసుపుస్తకంలో పేరు తప్పు పడిన పెదనాన్న, ఉపాధి పని డబ్బులు పడని అత్త "కాస్త రాసిపెట్టు నాయనా" అని మన దగ్గరికే వస్తారు. మనం రాసే పది లైన్ల మీద ఒక ఇంట్లో నెల ఖర్చు ఆధారపడి ఉంటుంది. అందుకే మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ విషయమే చెప్పాలనుకున్నాను. ప్రభుత్వ ఆఫీసులో తపాలు విప్పే సీట్లో కొన్నేళ్లు పనిచేశాను కాబట్టి, కాగితాన్ని రెండో వైపు నుంచి కూడా చూశాను.

ఆఫీసులో మన కాగితం ఎటు పోతుంది?

"కలెక్టర్ గారికి ఇచ్చాను" అంటాం. నిజానికి కలెక్టర్ గారు మన కాగితాన్ని చేతిలో పట్టుకునేది ఒక నిమిషమో, అర నిమిషమో. సోమవారం గ్రీవెన్స్‌లో అయినా అంతే. మీ వెనకాల ఇంకా వందమంది నిలబడి ఉంటారు. ఆ తర్వాత కాగితం తపాలులో చేరుతుంది. తేదీ ముద్ర పడుతుంది. ఏ సెక్షన్‌కు చెందిందో చూసి అక్కడి గుమస్తాకు ఇస్తారు. ఆయన దానికి ఒక నంబరు ఇచ్చి తన పర్సనల్ రిజిస్టరులో ఎక్కిస్తాడు. బ్రిటిష్ వాళ్ల కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో వచ్చిన ఈ ఏర్పాటును టాటెన్‌హాం పద్ధతి అంటారు. ఇప్పుడు ఈ-ఆఫీసు వచ్చి కాగితాన్ని స్కాన్ చేస్తున్నారు గానీ నడక మాత్రం దాదాపు అదే. గుమస్తా మన అర్జీ చదివి, దాని సారం నాలుగు ముక్కల్లో నోట్ రాసి, సూపరింటెండెంట్ ద్వారా అధికారికి పెడతాడు. అధికారి ముఖ్యంగా చదివేది ఆ నోట్‌నే.

అంటే మీ అర్జీకి అసలు పాఠకుడు గుమస్తా. ఆయన బల్ల మీద రోజుకు ఎన్నో కాగితాలు పడతాయి. మీ కాగితంలో ఆయన వెతికేవి కొన్నే ఉంటాయి: ఎవరు, ఎక్కడ, ఏం జరిగింది, ఎప్పటి నుంచి, ఏం కావాలంటున్నారు, ఆధారం ఏం జతచేశారు. ఇవి పైనే దొరికితే నోట్ ఆ రోజే లేస్తుంది. దొరకకపోతే ఆయన దాన్ని పక్కన పెడతాడు. చెడ్డవాడై కాదు, తేలిగ్గా అయ్యే పని ముందు చేసుకుంటాడు. మనలో ఎవరైనా అంతే.

అందుకే "విషయం" అని రాసే లైను చాలా విలువైనది. దాన్నే ఆయన రిజిస్టరులోకి ఎత్తి రాసుకుంటాడు. "విషయం: సమస్యల పరిష్కారం గురించి" అని రాస్తే ఏ సెక్షన్‌కు పోవాలో తపాలు దగ్గరే తేలదు. "విషయం: ఫలానా బాలుర వసతి గృహం – కాలిపోయిన బోరు మోటారు మార్పించుట – అప్పటివరకు రెండో ట్యాంకరు కోరుట" అని రాస్తే, లోపల చదవకముందే సగం పని తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. ఒక కాగితంలో ఒకే పని అడగండి. మనవాళ్లు ఎలాగూ రాస్తున్నాం కదా అని మోటారు, దుప్పట్లు, రోడ్డు మీద లైటు, స్కాలర్‌షిప్ అన్నీ ఒకే అర్జీలో కుక్కుతారు. మోటారు ఒక సెక్షన్, స్కాలర్‌షిప్ ఇంకో సెక్షన్, రోడ్డు లైటు అసలు ఆ శాఖే కాదు, పంచాయతీదో మున్సిపాలిటీదో. ఆ కాగితం మొదటి సీటుకు పోతుంది, మొదటి సమస్యకే జవాబు వస్తుంది, మిగతావి అందులోనే ఉండిపోతాయి. నాలుగు పనులుంటే నాలుగు కాగితాలు. తెల్ల కాగితం ఖరీదు ఎంతని!

ఒక అర్జీని మార్చి చూద్దాం

సాధారణంగా మన హాస్టళ్ల నుంచి వచ్చే అర్జీ ఇలా ఉంటుంది:

"మహారాజశ్రీ గౌరవనీయులైన అధికారి గారి దివ్య సముఖమునకు, మేము నిరుపేద విద్యార్థులము. మా తల్లిదండ్రులు రెక్కాడితే గానీ డొక్కాడని వారు. మా హాస్టల్‌లో చాలా రోజుల నుండి నీళ్లు సరిగా రావడం లేదు. ఎన్నోసార్లు చెప్పినా ఎవరూ పట్టించుకోవడం లేదు. విద్యార్థులు చాలా ఇబ్బందులు పడుతున్నారు. కావున దయార్ద్ర హృదయులైన తమరు మాయందు దయ ఉంచి తగు చర్యలు తీసుకోవలసిందిగా ప్రార్థిస్తున్నాము."

చదివితే జాలి కలుగుతుంది. కానీ గుమస్తాకు ఇందులో దొరికింది ఏముంది? హాస్టల్ పేరు లేదు. "చాలా రోజులు" అంటే వారమా, రెండు నెలలా? ఎవరికి చెప్పారు, ఏ రోజున? నీళ్లు ఎందుకు రావడం లేదు? బోరు ఎండిందా, మోటారు కాలిందా, పైపు పగిలిందా? ఒక్కోదానికి చేయాల్సిన పని వేరు, ఖర్చు వేరు. ఇప్పుడు ఇదే సంగతిని ఇలా రాద్దాం:

"అయ్యా, మా హాస్టల్ బోరు మోటారు జూలై 3న కాలిపోయింది. హాస్టల్‌లో 112 మందిమి ఉన్నాం. ప్రస్తుతం రోజుకు ఒక ట్యాంకరు నీళ్లు వస్తున్నాయి. ఉదయం 7 గంటలకే అయిపోతున్నాయి. ఆ తర్వాత స్నానానికి, మరుగుదొడ్లకు నీళ్లు ఉండటం లేదు. జూలై 5న వార్డెన్ గారికి రాసి ఇచ్చాం (నకలు జతచేశాం). మెకానిక్ చూసి మోటారు మార్చాలని చెప్పారు (ఆయన రాసిచ్చిన అంచనా జతచేశాం). కాబట్టి 1. కొత్త మోటారుకు మంజూరు ఇవ్వాలని, 2. మోటారు బిగించే వరకు సాయంత్రం ఇంకో ట్యాంకరు పంపాలని కోరుతున్నాం."

రెండోది మొదటిదానికంటే పెద్దగా ఏమీ పొడవు లేదు. అందులో జాలి పుట్టించే విశేషణం ఒక్కటి కూడా లేదు. కానీ 112 మంది, ఉదయం 7 గంటలు అన్న రెండు అంకెలు "చాలా ఇబ్బందులు" అన్న మాట చేయలేని పని చేస్తాయి. చదివినవాడు మనసులో లెక్క వేసుకుంటాడు. ఎనిమిదింటికి బడికి పోవాల్సిన పిల్లవాడు ఏం చేస్తాడా అని తనంతట తానే అనుకుంటాడు.

"తగు చర్యలు" గురించి ఒక మాట చెప్పాలి. మన అర్జీలన్నీ దీంతోనే ముగుస్తాయి. మర్యాదగా ఉంటుంది కాబట్టి రాస్తాం. అయితే ఏ చర్య తగునో నిర్ణయించే పని ఆఫీసుకే వదిలేశాం అన్నమాట. వేరే ఆఫీసుకు "తగు చర్య నిమిత్తం" పంపేసి ఫైలు మూసేస్తే, అదీ చర్యే. రికార్డు ప్రకారం మీ అర్జీ పరిష్కారమైనట్టే. కాబట్టి ఏం కావాలో మీరే పేరు పెట్టి అడగండి. మోటారు కావాలా, ట్యాంకరు కావాలా, ఎన్ని, ఎప్పటికి. ఇంగ్లీషులో "డూ ద నీడ్‌ఫుల్" అని రాసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

అంబేద్కర్ గారు రాసిన ఒక కాగితం

మన హాస్టళ్లలో బాబాసాహెబ్ ఫొటో లేని గది ఉండదు. ఆయన ఉపన్యాసాల గురించి, రాజ్యాంగం గురించి ఏటా చెప్పుకుంటాం. ఆఫీసు కాగితం రాయడంలో ఆయన ఎంత గట్టివారో తక్కువగా చెప్పుకుంటాం.

1942లో ఆయన వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యులుగా చేరారు. ఆ ఏడాది అక్టోబరు 29న వైస్రాయ్ లిన్‌లిత్‌గోకు షెడ్యూల్డ్ కులాల కష్టాల మీద ఒక మెమొరాండం ఇచ్చారు. దాన్ని భాగాలుగా విడగొట్టారు: రాజకీయ సమస్యలు వేరు, చదువుకు సంబంధించినవి వేరు, ఇతర సమస్యలు వేరు. ఏ సంగతి ఏ శాఖ చూడాలో అధికారులు వెతుక్కునే పని లేదు. చదువు భాగంలో మా పిల్లలు వెనకబడ్డారు, దయచూడండి అని ఆపలేదు. అలీగఢ్, బనారస్ విశ్వవిద్యాలయాలకు ప్రభుత్వం ఏటా మూడేసి లక్షల రూపాయలు ఇస్తోందని చూపించారు. షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల పై చదువులకు కూడా మూడు లక్షలే అడిగారు. దాన్నీ విడగొట్టారు: మన దేశంలో సైన్సు, సాంకేతిక విద్య చదివేవారికి రెండు లక్షలు, విదేశాలకు పోయి చదివేవారికి ఒక లక్ష.

ఆ అడగడంలోని తెలివి చూడండి. అడిగిన మొత్తం ఎక్కువ అని ప్రభుత్వం అనలేదు, ఎందుకంటే అంతే మొత్తం ఇప్పటికే ఇంకొకరికి ఇస్తోంది. దేనికి ఖర్చు పెట్టాలి అని అడగలేదు, అదీ రాసి ఉంది. జవాబుగా చెప్పగలిగింది ఇస్తాం, లేదా ఇవ్వం. ప్రభుత్వం ఒప్పుకుంది. 1944లో షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ పథకం మొదలైంది. మనలో ఇంటర్, డిగ్రీ, ఇంజనీరింగ్ ఏది చదివినా ఏటా దరఖాస్తు పెట్టుకునే ఆ స్కాలర్‌షిప్ మూలం అక్కడుంది. మీకు ఇంగ్లీషు చదివే ఓపిక ఉంటే ఆయన రచనల సంపుటాల్లో పదో సంపుటం తెరిచి ఆ మెమొరాండం చదవండి. లేఖారచనకు అంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

మర్యాద వేరు, మోకరిల్లడం వేరు

"దివ్య సముఖమునకు", "పాదపద్మములకు" అన్న మాటలు జమీందార్ల కాలానివి. హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్, పింఛను ఇవన్నీ ప్రభుత్వం పథకంగా పెట్టినవి. అర్హత ఉంటే ఇవ్వాల్సినవి. కాబట్టి "వేడుకుంటున్నాను" అక్కర్లేదు, "కోరుతున్నాను" చాలు. "గౌరవనీయులైన", "అయ్యా", "అమ్మా" అని మొదలుపెట్టండి, "గారు" తప్పకుండా రాయండి. అక్కడితో మర్యాద పూర్తయింది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. కొందరు కుర్రాళ్లు కోపం వచ్చి "అవినీతి అధికారులు", "నిద్రపోతున్న యంత్రాంగం" అని రాస్తారు. కోపం న్యాయమైనదే కావచ్చు. కానీ ఆ కాగితాన్ని నోట్ చేయాల్సింది మీరు తిట్టిన సెక్షన్ గుమస్తానే! తేదీలు వరసగా రాయండి. "జూలై 5న అర్జీ ఇచ్చాం, 19న మళ్లీ ఇచ్చాం, ఆగస్టు 2 వరకు జవాబు లేదు." ఇంతకంటే గట్టి తిట్టు లేదు, పైగా దీన్ని ఎవరూ కాదనలేరు.

ఏ భాషలో రాయాలి అని చాలామంది అడుగుతారు. 1966 అధికార భాషా చట్టంతోనే తెలుగు మన రాష్ట్ర అధికార భాష అయింది. తెలుగులో ఇచ్చిన అర్జీ తీసుకోం అనడానికి వీల్లేదు. మీకు బాగా వచ్చిన భాషలో, ఇంట్లో మాట్లాడినంత తేలికగా రాయండి. "పై విషయమును పురస్కరించుకొని తమకు తెలియజేయునది ఏమనగా" అన్న లైను తీసేస్తే ఏ అర్జీకీ నష్టం రాలేదు. ("సదరు" అన్న మాటను మాత్రం నేను వదులుకోలేను. మళ్లీ మళ్లీ పేరు రాసే శ్రమ తప్పిస్తుంది!)

సమాచార హక్కు దరఖాస్తు

2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం మన చేతికి ఇచ్చిన కాగితం ఇది. తెలుగులో రాయవచ్చు. ఎందుకు అడుగుతున్నారో కారణం చెప్పనక్కర్లేదు. మన దగ్గర గ్రామ స్థాయి ఆఫీసుకైతే ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు ఆధారం జతచేస్తే ఫీజు కట్టనక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

అయితే చాలా దరఖాస్తులు ఉత్తినే పోతాయి, ప్రశ్న తప్పు అడగడం వల్ల. "మా స్కాలర్‌షిప్ ఎందుకు ఇవ్వలేదు?" అంటే అది సంజాయిషీ అడగడం. చట్టం ఇప్పించేది ఆఫీసులో ఉన్న రికార్డును. కాబట్టి రికార్డునే అడగాలి: "2024-25 విద్యా సంవత్సరానికి ఫలానా కళాశాల నుంచి అందిన రెన్యూవల్ దరఖాస్తుల సంఖ్య, వాటిలో బిల్లు చేసి ట్రెజరీకి పంపినవి ఎన్ని, ఏ తేదీల్లో, పెండింగు ఉన్నవి ఎన్ని, ఆ బిల్లుల నకళ్లు." ఈ నాలుగూ చేతికి వస్తే "ఎందుకు" అన్నది దానంతట అదే బయటపడుతుంది. కాగితం కాలేజీలో ఆగిందా, జిల్లా ఆఫీసులో ఆగిందా, ట్రెజరీలో ఆగిందా తెలిసిపోతుంది. తర్వాతి అర్జీ ఎవరికి రాయాలో కూడా తెలుస్తుంది.

ఉద్యోగానికి రాసేటప్పుడు

ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా నష్టపోతున్నారు. ఇంటర్నెట్ సెంటరులో ఎవరిదో రెజ్యూమె తెచ్చి పేరు మార్చి పంపుతారు. "ఐ యామ్ ఏ హార్డ్ వర్కింగ్ పర్సన్" అని అందరూ రాస్తారు కాబట్టి అది ఎవరి గురించీ చెప్పదు. కొందరు ఇంకా "విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు స్టేట్" అని మొదలుపెడుతున్నారు. బెగ్ అంటే అడుక్కోవడం అని మనకు తెలుసు, అయినా రాస్తున్నాం.

అనుభవం ఏమీ లేదే, ఏం రాయాలి అంటారు. హాస్టల్ జీవితంలోనే ఉంది. మెస్ కమిటీలో ఉండి నెలనెలా బియ్యం, పప్పు, నూనె స్టాకు రిజిస్టరుతో సరిచూసినవాడు స్టోర్స్ ఉద్యోగానికి ఆ మాటే రాయాలి: "రెండేళ్లు 112 మంది హాస్టల్‌కు సరుకుల స్టాకు లెక్క చూశాను." సెలవుల్లో తాపీ పనికి, మెడికల్ షాపుకు, కేటరింగ్‌కు పోయినవాళ్లు దాన్ని దాచుకుంటారు, చిన్నతనంగా ఉంటుందని. చిన్నతనం ఏమీ లేదు. మెడికల్ షాపులో మూడు వేసవులు బిల్లులు కొట్టిన అమ్మాయి, కాలేజీ తప్ప ఏమీ చూడని అభ్యర్థి కంటే బిల్లింగ్ ఉద్యోగానికి పనికొస్తుంది. రాస్తేనే గదా వాళ్లకు తెలిసేది.

మిగతావి చిన్నవే. ఈమెయిల్ పేరు "డేంజర్‌బాయ్", "స్వీట్‌చిన్ని" అని ఉంటే ఇవాళే మీ పేరుతో ఇంకోటి తెరవండి. సబ్జెక్టులో ఏ ఉద్యోగానికో రాయండి. పంపే ఫైలుకు "న్యూ డాక్యుమెంట్ 3" అని కాకుండా మీ పేరు పెట్టండి. వాట్సాప్‌లో ఆఫీసు వాళ్లకు "హాయ్ సర్" అని పెట్టి జవాబు కోసం ఎదురుచూడవద్దు. పేరు, పని, అడగాల్సింది మొదటి మెసేజ్‌లోనే ఉండాలి.

పంపాక

ఒరిజినల్ సర్టిఫికెట్లు అర్జీకి ఎప్పుడూ జతచేయవద్దు. జిరాక్సులు చాలు. అర్జీ రెండు ప్రతులు రాయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముట్టినట్లు సంతకం, ముద్ర తీసుకోండి. సంతకం పెట్టడానికి ఒక్కోసారి విసుక్కుంటారు, అయినా నిలబడి తీసుకోండి. పోస్టులో పంపేటట్లయితే, 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచుకోండి. ఇచ్చేముందు ఒకసారి పక్క గదిలోని తమ్ముడికి చదివి వినిపించి, "ఏం కావాలని అడిగాను?" అని అడగండి. వాడు ఒక్క మాటలో చెప్పలేకపోతే మళ్లీ రాయండి.

నెల రోజులకూ కదలకపోతే కొత్త అర్జీ మొదటి నుంచి రాయకండి. కొత్తది ఇస్తే కొత్త నంబరు పడుతుంది, పాత ఆలస్యం లెక్కలోకి రాదు. పాత నంబరు పట్టుకుని రిమైండరు ఇవ్వండి. సెక్షన్‌లో అడిగితే నంబరు చెబుతారు. ఇలా మూడు లైన్లు చాలు:

"విషయం: బోరు మోటారు మార్పించుట – జ్ఞాపిక. సూచిక: జూలై 19న ఇచ్చిన మా అర్జీ, తమ ఆఫీసు నంబరు ఫలానా. అయ్యా, పై అర్జీ ఇచ్చి 30 రోజులైంది. మోటారు ఇంకా మార్చలేదు, రెండో ట్యాంకరు రాలేదు. మా అర్జీ ఏ దశలో ఉందో రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం. జతపరిచినవి: మొదటి అర్జీ నకలు, ముట్టినట్లు సంతకంతో."

దీని రెండో ప్రతి మీద కూడా సంతకం తీసుకోండి.